మొక్కలో నీరు, ఆహారం ఎలా ప్రయాణిస్తాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మాది వేరుశనగ, టమాటా పండే ఊరు. పగలు తరగతిలో పిల్లలు అడిగే ప్రశ్ననే సాయంత్రం అరుగు మీద వాళ్ల నాన్నలు ఇంకో రకంగా అడుగుతారు. పిల్లలు "బాష్పోత్సేకం అంటే ఏంటి సార్" అంటారు, పెద్దవాళ్లు "చేలో నీళ్లుండగానే చెట్టు ఎందుకు వాడింది" అంటారు. ఇద్దరికీ చెప్పిన జవాబులు ఇక్కడ ఒకచోట పెట్టాను.

అసలు మొక్కలో ఏది ఎటు పోతుంది?

రెండు దారులున్నాయి. వేరు నుంచి ఆకు దాకా నీళ్లనూ, అందులో కరిగిన లవణాలనూ తీసుకెళ్లేది దారువు. ఆకులో తయారైన చక్కెరను వేరుకూ, కాయకూ, దుంపకూ, చిగురుకూ పంచేది పోషక కణజాలం. దారువు గొట్టాలు చచ్చిన కణాలు. లోపలి పదార్థమంతా పోయి గట్టి గోడలు మాత్రమే మిగిలి ఉంటాయి. పోషక కణజాలంలో చక్కెర పారే చాలనీ నాళాలు మాత్రం బతికున్న కణాలు. మొదటి దారిలో నీటిని పైనుంచి లాగాలి. రెండో దారిలో రసాన్ని వెనక నుంచి తోయాలి. ఈ తేడా ఒక్కటి మనసులో పెట్టుకుంటే కింది జవాబులన్నీ సులువుగా అర్థమవుతాయి.

చెట్టుకు గుండె లేదు, మోటారు లేదు. నీళ్లను పైకి ఎక్కించేది ఎవరు?

ఆకు. దాని చేత ఆ పని చేయించేది ఎండ.

ఆకు మీద, ఎక్కువగా అడుగు వైపు, కంటికి కనిపించనంత చిన్న పత్రరంధ్రాలుంటాయి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి రావాలంటే అవి తెరుచుకోవాలి. తెరుచుకుంటే లోపలి తడి ఆవిరై బయటికి పోతుంది. ఇదే బాష్పోత్సేకం. ఆకు లోపలి కణాల గోడలు తడిబట్టలా ఉంటాయి. ఆ గోడల్లోని సందులు చాలా సన్ననివి కాబట్టి, నీరు ఆవిరయ్యేకొద్దీ అక్కడ మిగిలిన నీటిపొర లోపలికి వంగి వెనకున్న నీటిని గట్టిగా లాగుతుంది. నీటి అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. అందుకని ఆ లాగుడు ఈనెలోకి, కాడలోకి, కాండంలోకి, చివరికి వేరు కొస దాకా వెళ్తుంది.

వేరు తాగిన నీటిలో 97 శాతానికి పైగా ఇలా గాలిలోకే పోతుంది. "అంతా వృథాయేనా సార్?" అని పిల్లలు బాధపడతారు. వృథా కాదు. లవణాలు పైకి వచ్చేది ఆ ప్రవాహంలోనే, ఎండలో ఆకు మాడిపోకుండా చల్లబడేది దానివల్లనే. రేకుల షెడ్డు నీడ కంటే వేపచెట్టు నీడ చల్లగా ఉండటానికి ఇదొక కారణం.

ఈ వివరణ ఇచ్చింది డబ్లిన్‌కు చెందిన హెన్రీ డిక్సన్, జాన్ జోలీ. సంవత్సరం 1894. వాళ్లకు కొన్నేళ్ల ముందే జర్మన్ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ స్ట్రాస్‌బర్గర్ కోసిన చెట్టు మొదలును విషద్రావణంలో పెట్టి చూశాడు. దారిలో ఉన్న బతికున్న కణాలు చచ్చిపోయినా ద్రవం పైకి ఎక్కుతూనే ఉంది. మన జగదీశ్ చంద్ర బోస్ 1923లో వేరే మాట చెప్పారు. కాండంలోని బతికున్న కణాలు గుండెలా కొట్టుకుంటూ నీటిని తోస్తాయని ఆయన వాదన. బోస్ గారంటే నాకు ఎంతో గౌరవం. మొక్కల్లో అతి చిన్న కదలికలను కొలవడానికి ఆయన తయారుచేసిన పరికరాల గురించి తరగతిలో తప్పకుండా చెబుతాను. కానీ ఈ ఒక్క విషయంలో తరువాతి ప్రయోగాలు డిక్సన్, జోలీల మాటనే బలపరిచాయి.

బావి గట్టున పెట్టిన మోటారు 10 మీటర్ల లోతు నుంచి కూడా నీళ్లు లాగలేదు. అంతకు రెట్టింపు ఎత్తున్న కొబ్బరిచెట్టు ఎలా లాగుతుంది?

ఇది మా ఊరి రైతు ఒకరు అడిగారు. నాకు ఎదురైన ప్రశ్నల్లో ఇదే మంచి ప్రశ్న.

గట్టు మీది మోటారు నిజానికి నీళ్లను పట్టి లాగదు. పైపులో గాలి ఒత్తిడి తగ్గిస్తుంది, బావిలోని నీటిని బయటి గాలి పైకి నెడుతుంది. గాలికి ఉన్న బలం దాదాపు 10 మీటర్ల నీటిని నిలబెట్టేంతే. అందుకే బావిలో నీళ్లు తగ్గితే మోటారును కిందికి దించుతాం, బోరులో సబ్‌మెర్సిబుల్‌ను అడుగున పెట్టి కింద నుంచి తోయిస్తాం.

చెట్టులో గాలి నెట్టడం కాదు జరిగేది. వేరు నుంచి ఆకు దాకా నీరు ఒకే తాడులా ఉంటుంది. తాడును పైనుంచి లాగితే కింది కొస కూడా వస్తుంది కదా! మోటారు పైపులో అలా లాగితే బుడగలు పుట్టి తాడు తెగుతుంది. దారువు గొట్టాలు వెంట్రుకంత సన్నగా ఉంటాయి, వాటి గోడలకు నీరు గట్టిగా అంటుకుంటుంది. అందువల్ల బుడగ సులువుగా పుట్టదు. కాలిఫోర్నియాలో 115 మీటర్లు దాటిన రెడ్‌వుడ్ చెట్టు ఒకటుంది. దాని కొసకు కూడా నీరు ఇలాగే చేరుతోంది. అయితే దీనికీ హద్దుంది. 122 నుంచి 130 మీటర్లు దాటి ఏ చెట్టూ పెరగలేదని 2004లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు.

సన్నటి గొట్టంలో నీరు దానంతట అదే ఎక్కుతుంది కాబట్టి చెట్టులోనూ అలాగే ఎక్కుతుందని కొందరు కేశనాళికీయతతో సరిపెట్టేస్తారు. అర మిల్లీమీటరులో పదో వంతు వెడల్పున్న గొట్టంలో నీరు ఆ బలంతో రెండడుగులు ఎక్కి ఆగిపోతుంది. తులసి మొక్కకు అది సరిపోవచ్చు, కొబ్బరికి చాలదు.

ఆ నీటి తాడు ఎప్పుడూ తెగదా?

తెగుతుంది. నేల బాగా ఎండి, పైన ఆకు లాగుడు పెరిగితే గొట్టంలోకి గాలి బుడగ చొరబడుతుంది, ఆ గొట్టం ఇక పని చేయదు. పక్కపక్క గొట్టాల మధ్య గోడల్లో సన్నటి పొరలున్న గుంతలుంటాయి. నీరు వాటి గుండా పక్క గొట్టంలోకి మళ్లిపోతుంది, బుడగ మాత్రం ఆ పొర దగ్గరే ఆగుతుంది. కరువులో చెట్టు ఒక్కసారిగా కాక కొమ్మకొమ్మగా ఎండటం చూస్తుంటాం. ఒక్కో కొమ్మకు నీళ్ల దారి తెగుతూ పోవడం దానికి ఒక ముఖ్య కారణం.

మార్కెట్ నుంచి తెచ్చిన పూలకాడల్లోనూ ఇదే జరుగుతుంది. కోసిన చోట కాడలోకి గాలి వెళ్తుంది. ఇంటికి తెచ్చాక కాడను నీళ్లలో ముంచి, నీళ్లలోనే మళ్లీ అంగుళం కత్తిరించండి. పూలు ఎక్కువ రోజులుంటాయి.

అయితే వేరు ఏమీ తోయదా?

కొంచెం తోస్తుంది. రాత్రి ఆవిరి ఆగినా వేరు లవణాలను లోపలికి పంపుతూనే ఉంటుంది, వాటి వెంట నీరు వస్తుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది. తెల్లవారుజామున వరిచేను గట్టు మీద నిలబడి చూడండి. ఆకు కొసన ముత్యంలా నిలిచిన చుక్కను మనం మంచు అనుకుంటాం. చాలాసార్లు అది ఆకు లోపలి నుంచి వచ్చిన నీరే. దీన్ని బిందుస్రావం అంటారు. కత్తిరింపులయ్యాక ద్రాక్ష తీగ కోత నుంచి నీరు కారడానికి కారణం కూడా ఈ వేరు పీడనమే. స్టీఫెన్ హేల్స్ అనే ఆంగ్లేయుడు ద్రాక్ష మోడుకు గాజు గొట్టం కట్టి ఈ ఒత్తిడిని కొలిచాడు, 1727లో పుస్తకంగా రాశాడు. అయితే ఎండకాసే పగటిపూట పెద్ద చెట్టుకు ఈ తోపుడు ఏ మూలకూ సరిపోదు.

నీళ్లు మొదట్లో పోస్తే చాలదా?

చిన్న మొక్కకు చాలు. మామిడి, బత్తాయి లాంటి చెట్లకు చాలదు. మొదలు దగ్గరుండే లావు వేర్లు చెట్టును నిలబెడతాయి, నీటిని మోస్తాయి, కానీ తాగవు. తాగేవి కొసనున్న పిల్లవేర్లు, వాటి మీద నూగులా ఉండే మూలకేశాలు. మధ్యాహ్నం పన్నెండు గంటలకు చెట్టు నీడ ఎంత మేర పడుతుందో అంత మేర పాది చేసి, దాని అంచు వైపు నీళ్లూ ఎరువూ ఇవ్వమని చెప్పేది అందుకే.

నారు పీకి నాటినప్పుడు రెండు మూడు రోజులు తలవాల్చేదీ ఇందుకే. పీకేటప్పుడు మూలకేశాలు తెగిపోతాయి. కొత్తవి వచ్చేదాకా పైన ఖర్చు పాతదే, కింద రాబడి లేదు. సాయంత్రం పూట, మట్టి గడ్డతో సహా నాటితే ఆ దెబ్బ తగ్గుతుంది.

యూరియా కాస్త ఎక్కువ వేస్తే మొక్క ఎందుకు మాడుతుంది?

మాగాయ పెట్టేటప్పుడు చూసే ఉంటారు. మామిడి ముక్కల్లో ఉప్పు కలిపి జాడీలో పెడితే మూడో రోజుకు ఊట నిండుతుంది. ఆ ఊట ముక్కలోనిదే. బయట ఉప్పు ఎక్కువ కాబట్టి ముక్కలోని నీరు బయటికి వచ్చేసింది. దీన్నే ద్రవాభిసరణ అంటాం. వేరు దగ్గర గుప్పెడు యూరియా కుప్పగా పడితే మట్టి నీటిలో ఉప్పదనం వేరు కణం కంటే ఎక్కువవుతుంది. వేరు తాగాల్సింది పోయి తన నీళ్లు మట్టికి ఇస్తుంది. కుండీల్లో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే ఉప్పు పక్కకు పోయే చోటుండదు. పొరపాటున ఎక్కువ పడితే కుండీ అడుగు నుంచి బాగా కారేలా నీళ్లు పోసి కడిగేయండి.

చేలో నీళ్లు నిలిచి ఉన్నా పత్తి ఎందుకు వాడిపోతుంది?

వేరుకు ఊపిరి అందక. మట్టి సందుల్లో గాలి ఉండాలి, వేరు దాన్ని పీల్చాలి. నీళ్లు నిలిస్తే ఆ గాలి పోతుంది. శక్తి లేని వేరు కణాలు నీటిని రానిచ్చే దారులను మూసేస్తాయి. పైన ఎండ కాస్తూ ఆకు లాగుతూనే ఉంటుంది, కింద నీళ్లున్నా లోపలికి రావు. పత్తిలో చాలా రోజుల బెట్ట తరువాత ఒక్కసారిగా పెద్ద వాన పడి, వెంటనే ఎండ కాస్తే, నిండుగా కాయలున్న మొక్కలు ఒకటి రెండు రోజుల్లో తలవాలుస్తాయి. దీన్ని పారావిల్ట్ అంటారు. ఇది చూసి టెన్షన్‌తో మళ్లీ నీళ్లు పెట్టిన రైతులు నాకు తెలుసు. దయచేసి ఆ పని చేయకండి. కాలువ తీసి నీళ్లు బయటికి పంపండి, అదును రాగానే గుంటక తోలి వేర్లకు గాలి తగలనివ్వండి.

వాడిపోవడం అంటే దాహం ఒక్కటే కాదని గుర్తుంచుకోవాలి. టమాటా, వంగ పచ్చగా ఉండగానే ఉన్నట్టుండి వాడితే కాండం మొదలు దగ్గర అడ్డంగా కోసి, గాజు గ్లాసులో నీళ్లు పోసి కోసిన కొసను అందులో ముంచి కదపకుండా పట్టుకోండి. కాసేపటికి పాలలాంటి సన్నటి దారం కిందికి జారితే అది బాక్టీరియా ఎండు తెగులు. దారువు గొట్టాలు సూక్ష్మజీవులతో పూడుకుపోయాయి. ఎన్ని నీళ్లు పోసినా ఆ మొక్క లేవదు, పీకి దూరంగా పారేయాలి.

మధ్యాహ్నం వాలి, సాయంత్రానికి లేచే మొక్కకు?

ఏమీ అక్కర్లేదు. ఎండ తీవ్రంగా ఉన్న ఆ రెండు మూడు గంటలు వేరు రాబడి కంటే ఆకు ఖర్చు ఎక్కువ. పొద్దున్నే కూడా వాలి ఉంటే అప్పుడు పట్టించుకోండి.

ఒకసారి ముదురు ఆకు పసుపవుతుంది, ఒకసారి లేత ఆకు. ఎందుకు?

కొన్ని పోషకాలు పోషక కణజాలంలోకి ఎక్కి ఒక ఆకు నుంచి ఇంకో ఆకుకు వెళ్లగలవు. నత్రజని, భాస్వరం, పొటాష్, మెగ్నీషియం అలాంటివి. వాటికి కరువొస్తే మొక్క ముదురు ఆకులోంచి తీసి చిగురుకు పెడుతుంది, ఇంట్లో పెద్దవాళ్లు తమ ముద్ద పిల్లల కంచంలో వేసినట్టు. కాబట్టి కింది ఆకులు పసుపుబారతాయి. ఇనుము, కాల్షియం అలా కదలవు. ఒకసారి ముదురు ఆకులో చేరాక అక్కడే ఉండిపోతాయి. అవి తక్కువైతే పైనున్న లేత ఆకు దెబ్బ తింటుంది.

సున్నం ఎక్కువున్న నేలల్లో వేరుశనగ, చెరకు లేత ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి మిగతాది పాలిపోతే అది ఇనుపధాతు లోపం. నేలలో ఇనుము ఉన్నా వేరుకు అందే రూపంలో లేదు. అందుకే లీటరు నీటికి ఇనుముండే అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము కలిపి ఆకు మీదే కొడతారు. ముదురు ఆకుల మీద కొట్టింది లేత ఆకుకు పెద్దగా పోదు కాబట్టి కొత్త చిగుళ్లు తడవాలి, వారం పది రోజులకు మళ్లీ కొట్టాలి.

వేరుశనగకు జిప్సం విత్తేటప్పుడే వేసేస్తే పోలేదా? ఊడలు దిగేటప్పుడే ఎందుకు?

మా ఊళ్లో ప్రతి ఏడూ వచ్చే ప్రశ్న. జిప్సం వేసేది అందులోని కాల్షియం కోసం. కాల్షియం దారువులో నీటి వెంటే ప్రయాణిస్తుంది. నీరు ఎటు ఎక్కువ ఆవిరైతే అటు పోతుంది, అంటే ఆకులకు. వేరుశనగ కాయ పెరిగేది మట్టిలో, పూత నుంచి కిందికి దిగిన ఊడ కొసన. అక్కడ ఆవిరి లేదు, కాబట్టి వేరు తాగిన కాల్షియం కాయ దాకా చాలినంత రాదు. పోనీ ఆకులోంచి పోషక కణజాలం ద్వారా దిగుతుందా అంటే, కాల్షియం అందులో దాదాపుగా కదలదు. రెండు దారులూ మూసుకుపోయినట్టే. అందుకని ఊడా, కాయా తమ చుట్టూ ఉన్న మట్టిలోంచి తామే నేరుగా తీసుకుంటాయి. కాయ తల్లి మీద ఆధారపడకుండా తన కాల్షియం తానే తెచ్చుకోవడం ఎంత చెప్పినా నాకు తనివి తీరని సంగతి.

కాబట్టి జిప్సం కాయ ఊరే పైమట్టిలో, అది ఊరే సమయానికి ఉండాలి. ఎకరాకు 200 కిలోలు, పూత, ఊడలు దిగే దశలో మొక్కల మొదళ్ల పక్కన వేసి మట్టి ఎగదోయాలి. ఎప్పుడో ముందు వేస్తే వానకు కిందికి దిగిపోవచ్చు. అందకపోతే కాయ కనిపిస్తుంది, లోపల పప్పుండదు. టమాటా కాయ అడుగున నల్లగా కుళ్లడం కూడా కాయకు కాల్షియం అందకపోవడమే. చాలాసార్లు నేలలో కాల్షియం ఉంటుంది, తడి ఒకరోజు ఎక్కువ ఒకరోజు తక్కువ కావడం వల్ల దారిలో ఆగుతుంది.

ఆకులోని చక్కెర కాయకు ఎలా చేరుతుంది?

ఆకు దగ్గర చాలనీ నాళాలకు ఆనుకుని ఉండే సహకణాలు వాటిలోకి చక్కెరను నింపుతాయి. చక్కెర చిక్కబడేసరికి పక్కనున్న దారువు నుంచి నీరు అందులోకి వస్తుంది, ఒత్తిడి పెరుగుతుంది. కాయ దగ్గరో వేరు దగ్గరో ఆ చక్కెర దిగిపోతుంది, అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. ఎక్కువ ఒత్తిడి నుంచి తక్కువ వైపు రసం పారుతుంది. ఎర్నెస్ట్ మూంచ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1930లో ప్రచురించిన పుస్తకంలో వివరించిన సంగతి ఇది. అందుకే ఈ ప్రవాహం కిందికే అని రూలు లేదు. ఆలుగడ్డ పెరిగేటప్పుడు కిందికి పోతుంది, అదే గడ్డ మొలకెత్తేటప్పుడు పైకి వస్తుంది.

ఈ గొట్టాల్లో ఒత్తిడి కారు టైరులో గాలి కంటే కొన్ని రెట్లు ఎక్కువ. పేనుబంక పురుగు తన సూదిలాంటి నోటిని సరిగ్గా ఒక చాలనీ నాళంలో గుచ్చుతుంది, రసం దానంతట అదే లోపలికి వస్తుంది. తాగగా మిగిలిన తీపి వెనక నుంచి కారుతుంది. ఆకుల మీద జిగట, దాని కోసం చీమలు, పైన మసి తెగులు అన్నీ అక్కడి నుంచే.

తాటికల్లు ఏ దారిది?

పోషక కణజాలానిది. తాడిచెట్టు పూగెలకు పంపే చక్కెర నీటిని గీత కార్మికుడు మధ్యలో పట్టుకుంటాడు. గెలను మెల్లగా నొక్కి, కొసను పలచగా చెక్కి, లొట్టి కడతాడు. అప్పుడే దిగిన రసంలో పదో వంతుకు పైగా చక్కెర ఉంటుంది, అదే నీరా. రోజూ చెక్కాల్సిన అవసరం ఏమిటంటే, చాలనీ నాళం బతికున్న కణం కాబట్టి గాయమైతే దాన్ని పూడ్చుకుంటుంది. రోజూ మోకు వేసుకుని ఎక్కి సన్నటి పొర తీస్తే దారి మళ్లీ తెరుచుకుంటుంది. ఎంత చెక్కాలో చేతికి తెలియాలి. మందంగా తీస్తే గెల త్వరగా అయిపోతుంది, మరీ పలచగా తీస్తే ధార రాదు. గాలిలోని ఈస్టు చేరి కొన్ని గంటల్లోనే పులిసి కల్లవుతుంది. పులవకూడదంటే లొట్టిలో సున్నం పూస్తారు.

చెట్టు చుట్టూ బెరడు వలిస్తే చస్తుంది. మరి కొబ్బరిచెట్టుకు మెట్లు కొట్టినా ఎలా బతుకుతుంది?

మామిడి, వేప లాంటి చెట్లలో పోషక కణజాలం బెరడు లోపలి పొరలో ఉంటుంది. చుట్టూ వలిస్తే దారువు మిగులుతుంది, కాబట్టి ఆకులు కొన్నాళ్లు పచ్చగానే ఉంటాయి. వేరుకు తిండి అందక మెల్లగా చస్తుంది. రోడ్డు పక్క చెట్లకు ఫ్లెక్సీల కోసం బిగించిన ఇనుప తీగ కూడా ఏళ్ల మీద ఇదే పని చేస్తుంది. తీగ పైభాగం ఉబ్బి కనిపిస్తే దిగాల్సిన చక్కెర అక్కడ ఆగిందని అర్థం. కనిపించిన చోట ఆ తీగలు కోసేయండి.

కడియం నర్సరీల్లో గాలి అంటు కట్టేవాళ్లు ఈ ఉబ్బునే మంచికి వాడుకుంటారు. కొమ్మకు ఉంగరంలా బెరడు తీసి తడి నాచు కడితే, ఆగిన ఆహారం, హార్మోన్ల బలంతో కోత పైఅంచున వేర్లు పుడతాయి.

కొబ్బరి, తాడి ఏకదళబీజాలు. వాటిలో రెండు దారులూ కలిసిన కట్టలు కాండమంతా చెదురుగా ఉంటాయి. పైన చెక్కితే కొన్నే తెగుతాయి. కానీ ఆ గాయం ఎన్నటికీ పూడదు, అందులో తెగుళ్లు, పురుగులు చేరతాయి కాబట్టి మెట్లు కొట్టకపోవడమే మంచిది.

మొదలు బోలుగా ఉన్న చింతచెట్టు ఎలా కాస్తుంది?

నడిమిది చేవ. చెట్టును నిలబెట్టే బలం దానిది, నీళ్లు మోసే పని ఎప్పుడో ఆగిపోయింది. నీళ్లు పారేది దాని చుట్టూ ఉన్న కొత్త చెక్కలో. చేవ పుచ్చినా చెట్టు దాహంతో చావదు, పెద్ద గాలికి పడిపోవచ్చు.

పిల్లలమర్రికి సెలైన్ ఎక్కించారట. నిజమేనా?

నిజం. మహబూబ్‌నగర్ దగ్గర సుమారు 700 ఏళ్లదని చెప్పే ఆ మర్రికి చెదలు పట్టి 2017 చివర్లో కొమ్మలు విరిగాయి. రంధ్రాల్లో మందు పోస్తే బయటికి కారిపోయింది. దాంతో 2018లో సెలైన్ సీసాల్లో క్లోరోపైరిఫాస్ అనే పురుగుమందును పలచగా నింపి, చెక్కలోకి బొట్టుబొట్టుగా ఇంకేలా పెట్టారు. కొబ్బరిలో కాయ రసం పీల్చే నల్లికి చేసే వైద్యం కూడా ఇలాంటిదే. పెన్సిల్ లావున్న లేత వేరును ఏటవాలుగా కోసి, వేపమందు 10 మిల్లీలీటర్లు, నీళ్లు 10 మిల్లీలీటర్లు ఉన్న సంచిలో పెట్టి కడతారు. పైనున్న ఆకుల లాగుడే మందును కొస దాకా తీసుకెళ్తుంది. ముందుగా కోతకొచ్చిన గెలలు దించేసుకుని, ఆ తరువాత 45 రోజులు కాయ కోయకుండా ఉండాలి.

మర్రికి ఇంకో వరం ఉంది. నేలకు దిగిన ప్రతి ఊడా కొత్త వేరై, దగ్గరి కొమ్మలకు తానే నీళ్లందిస్తుంది. 1989లో గిన్నిస్ రికార్డుకెక్కిన, కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను ఎకరాల కొద్దీ పరుచుకున్నది ఆ ఊడల మీదే.

జిల్లేడు పాలు ఏ గొట్టంలోవి?

ఈ రెండింటిలోనూ కాదు. పాలకు వేరే నాళికలున్నాయి. పురుగుల నుంచి కాపాడుకోవడానికి దాచుకున్నవి అవి.

ఇంట్లో పిల్లలకు చూపించడానికి ఏదైనా ఉందా?

తెల్ల చామంతి కాడను నిలువుగా సగం దాకా చీల్చి, ఒక పాయను ఎర్ర సిరా కలిపిన గ్లాసులో, ఇంకో పాయను నీలం సిరా గ్లాసులో పెట్టండి. మరునాటికి పూవు ఒకవైపు ఎర్రగా, ఒకవైపు నీలంగా మారుతుంది. ఇంకో రెండు పూలు తీసుకుని ఒకదాన్ని ఫ్యాను గాలికి, ఒకదాన్ని ప్లాస్టిక్ కవరు కప్పి పెట్టండి. రంగు ముందు దేనికి ఎక్కుతుందో చూడకముందే పిల్లల చేత చెప్పించండి. తోటకూర కాడైతే తరువాత అడ్డంగా కోసి చూడొచ్చు, రంగెక్కిన చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్కలే దారువు. మా తరగతిలో ఒకమ్మాయి వాటిని లెక్కపెట్టి, పక్క బెంచీ వాళ్ల కాడలో ఎన్నున్నాయో చూడటానికి పరుగెత్తింది.